ముక్కు పెద్దదా, కెమెరా దగ్గరదా? – పోర్ట్రెయిట్ లెన్సుల చరిత్రకు ఒక ఆడిట్

ముఖం ఫోటో తీయాలంటే 85 ఎంఎం లెన్సే వాడాలి. 50 ఎంఎం లెన్సు అచ్చం మనిషి కన్నులాగే చూస్తుంది. 35 ఎంఎం ముఖాన్ని వంకర చేస్తుంది. 135 ఎంఎం ముఖాన్ని చదును చేస్తుంది. కొత్తగా కెమెరా కొన్నవాడికి మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఈ నాలుగు సూత్రాలూ ఉపదేశిస్తారు. ఎందుకండీ అని అడిగితే "పెద్ద పెద్దవాళ్ళంతా అంతే వాడతారు" అంటారు. ఈ జవాబు మనకు కొత్తది కాదు. వాస్తు గురించి అడిగినా, ముహూర్తం గురించి అడిగినా వచ్చే జవాబు ఇదే.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. వాస్తులో వెతికితే ఏమీ దొరకదు. ఈ లెన్సుల సూత్రాల్లో మాత్రం కొంత నిజం ఉంది. అందులో నిజం పాలెంత, అలవాటు పాలెంత, వట్టి అపోహ పాలెంత అన్నది తేల్చాలి. రక్షణ శాఖ లెక్కల విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి. ఓచరు లేని పద్దు కనబడితే పాస్ చేయడానికి చెయ్యి రాదు. అందుకని ఈ నాలుగు పద్దులకూ ఓచర్లు వెతుకుదామని కూర్చున్నాను.

ఫోటోగ్రాఫర్ల గొడవ హేతువాదులకెందుకని మీరు అడగవచ్చు. ముఖం ఫోటో చూసి ఉద్యోగం ఇవ్వడం, సంబంధం ఖాయం చేయడం, "వీడు దొంగలాగే ఉన్నాడు" అని తేల్చేయడం మన సమాజంలో రోజూ జరిగే పనులు. ఆ ఫోటోలోని ముఖం సొంతదారుది ఎంత, కెమెరాది ఎంత అన్న ప్రశ్న కనుక మనకు సంబంధం ఉన్నదే.

వెలుతురు కోసం పుట్టిన లెన్సు

1839లో పారిస్‌లో డాగేర్ తన ఫోటో పద్ధతిని లోకానికి ప్రకటించాడు. ఆయన కెమెరాకు షెవాలియే తయారుచేసిన లెన్సు ఉండేది. అందులోంచి వెలుతురు చాలా తక్కువగా వచ్చేది. ఇప్పటి లెక్కలో సుమారు ఎఫ్/15. భవనాలకూ వీధులకూ అది చాలు. అవి కదలవు కదా. మనిషి మాత్రం ఎండలో అన్ని నిమిషాలు రెప్ప వాల్చకుండా కూర్చోలేడు. కూర్చున్నా ఆ ముఖం శవం ముఖంలా వచ్చేది.

ఈ చిక్కును విప్పింది వియన్నా విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే జోసెఫ్ పెట్జ్‌వాల్. ఈయన ఇప్పటి స్లొవేకియాలో పుట్టాడు. అప్పటిదాకా లెన్సులు చేసేవాళ్ళు గాజు అరగదీయడం, పెట్టి చూడడం, మళ్ళీ అరగదీయడం అనే పద్ధతిలో పని చేసేవారు. పెట్జ్‌వాల్ ముందు కాగితం మీద లెక్క వేశాడు. ఒక్కో కిరణం ఒక్కో గాజు ఉపరితలం దగ్గర ఎంత వంగుతుందో చేత్తో లెక్కించాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఆర్చిడ్యూక్ లుడ్విగ్ తన ఫిరంగి దళం నుంచి లెక్కల్లో ఆరితేరిన సైనికులను ఆయనకు అప్పగించాడు. ఇద్దరు కార్పొరల్స్, ఎనిమిది మంది గన్నర్లు అని చెబుతారు. గుండు ఎక్కడ పడుతుందో లెక్కకట్టేవాళ్ళు కిరణం ఎక్కడ పడుతుందో లెక్కకట్టారన్నమాట. రక్షణ శాఖ జీతం తిన్న నాకు ఈ ఘట్టం ప్రత్యేకంగా నచ్చుతుంది. మొదటి పోర్ట్రెయిట్ లెన్సు వెనుక ఉన్నది సైన్యంలోని లెక్కల విభాగం.

1840లో తయారైన ఆ డిజైను వెలుతురు సామర్థ్యం సుమారు ఎఫ్/3.6. డాగేర్ లెన్సుతో పోలిస్తే వెలుతురు 17 రెట్లు. నిమిషాలు సెకన్లలోకి దిగివచ్చాయి. వియన్నాలోని ఫోక్ట్‌లెండర్ సంస్థ దాన్ని ఇత్తడి కెమెరాలో అమర్చి అమ్మింది. తరువాత ఇద్దరికీ హక్కుల విషయంలో గొడవ వచ్చి విడిపోయారు. ఆస్ట్రియా బయట పేటెంటు లేకపోవడంతో యూరప్, అమెరికాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆ డిజైను నకలు చేసుకున్నారు. పెట్జ్‌వాల్‌కు డబ్బు పెద్దగా రాలేదు గానీ ఆయన లెన్సు మాత్రం ప్రపంచమంతా తిరిగింది.

ఇక్కడ మనకు కావలసిన ఓచరు ఒకటి దొరుకుతుంది. పెట్జ్‌వాల్ లెన్సు బొమ్మ నడిమి భాగంలోనే స్పష్టంగా ఉండేది. అంచులకు పోయేకొద్దీ అలుక్కుపోయేది. కనుక చిన్న ప్లేటు పెట్టి నడిమి భాగాన్నే వాడుకోవలసి వచ్చింది. ఫోక్ట్‌లెండర్ కెమెరాలో లెన్సు ఫోకల్ లెంగ్త్, అంటే పాఠ్యపుస్తకాల్లోని నాభ్యంతరం, సుమారు 150 ఎంఎం. గుండ్రని ఫోటో వ్యాసం సుమారు 90 ఎంఎం. దీన్ని ఇప్పటి ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొలతలోకి మారిస్తే దాదాపు 72 ఎంఎం అవుతుంది. అంటే "పోర్ట్రెయిట్‌కు కాస్త పొడుగు లెన్సు" అన్న సంప్రదాయం అందం గురించి ఆలోచించి పెట్టింది కాదు. వెలుతురు ఎక్కువ కావాలంటే ఆనాటి గాజుతో ఇరుకు చూపు తప్పలేదు. ఇరుకు చూపుతో మనిషి పట్టాలంటే వెనక్కు జరగక తప్పలేదు. వెనక్కు జరిగితే ముఖం బాగా వచ్చింది. కారణం ఒకటి, ఫలితం ఇంకొకటి. తరవాతి తరాలు ఫలితాన్ని చూసి దాన్నే శాస్త్రమనుకున్నాయి.

మన వైపు సంగతి

మన ఉపఖండంలో ఈ కథకు ఇద్దరు సాక్షులున్నారు. ఒకరు లాలా దీన్ దయాళ్. 1844లో సర్ధానాలో పుట్టి, రూర్కీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేసి, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణ ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే బిరుదిచ్చాడు. ఆయన తీసిన నవాబుల చిత్రాలు చూడండి. నిలువెత్తు మనిషి, చుట్టూ తివాచీ, కుర్చీ, తెర. మనిషికీ కెమెరాకూ మధ్య బోలెడు దూరం. ముక్కూ చెవులూ ఎక్కడివక్కడ కుదురుగా ఉంటాయి. అందులో మర్యాద కూడా కలిసివచ్చింది. నవాబు ముక్కు దగ్గరికి కెమెరా తీసుకుపోయే ధైర్యం ఎవరికుంటుంది?

రెండో సాక్షి జూలియా మార్గరెట్ కేమరన్. 1815లో కలకత్తాలో పుట్టింది. ఇంగ్లండులో ఉండగా 1863లో, 48 ఏళ్ళ వయసులో కూతురు కెమెరా కానుకగా ఇస్తే ఫోటోలు మొదలుపెట్టింది. 1879లో సింహళంలో చనిపోయింది. ఆమె మొదట వాడింది 12 అంగుళాల పెట్జ్‌వాల్ తరహా లెన్సు, ప్లేటు 9 బై 11 అంగుళాలు. ఈ కొలతలను ఇప్పటి ఫుల్ ఫ్రేమ్‌లోకి మార్చండి. ప్లేటు కర్ణం 14.2 అంగుళాలు. 12ను 14.2తో భాగించి 43.3తో గుణిస్తే 36 లేదా 37 ఎంఎం వస్తుంది. అంటే "ముఖాన్ని వంకర చేస్తుంది" అని ఇవాళ నిషేధించే 35 ఎంఎంకు దగ్గర! 1866 ప్రాంతంలో ఆమె 30 అంగుళాల లెన్సు, 12 బై 15 అంగుళాల ప్లేటు తీసుకుంది. అది ఇప్పటి 68 ఎంఎం లెక్క. ఆమె తీసిన ముఖచిత్రాలను నూట యాభై ఏళ్ళ తరువాత కూడా మ్యూజియాలు భద్రంగా దాచుకుంటున్నాయి. మొదటి సూత్రం నిజంగా ప్రకృతి సూత్రమే అయితే ఆ తొలి చిత్రాలు నిలవకూడదు.

85 ఎలా వచ్చింది?

1925లో లైకా కెమెరా బజారులోకి వచ్చింది. సినిమా ఫిలిం మీద 24 బై 36 ఎంఎం బొమ్మ, 50 ఎంఎం లెన్సు. 1930ల ఆరంభంలో లెన్సులు మార్చుకునే వీలు రాగానే 73 ఎంఎం, 90 ఎంఎం లెన్సులు వచ్చాయి. 1935లో థాంబార్ అనే 90 ఎంఎం లెన్సు వచ్చింది, ముడతలు కనబడకుండా మెత్తగా తీయడానికి ప్రత్యేకంగా చేసింది. పోటీ సంస్థ జైస్ తన కాంటాక్స్ కెమెరాకు బెర్టెలె రూపొందించిన 85 ఎంఎం ఎఫ్/2 సొన్నార్ తెచ్చింది.

మరి 85, 90 దగ్గరే ఎందుకు ఆగారు? ఆ కెమెరాల్లో దూరం కొలిచేది పక్కనున్న చిన్న రేంజ్‌ఫైండర్ కిటికీ. లెన్సు పొడుగయ్యే కొద్దీ దాని గురి తప్పుతుంది. 135 ఎంఎం దాటితే దాన్ని నమ్మడానికి లేదు. వెడల్పు గాజు పెట్టి వెలుతురు పెంచితే గురి ఇంకా కష్టం. కనుక వెలుతురూ, గురీ, బరువూ మూడూ రాజీ పడే చోటు 85 – 105 మధ్య కుదిరింది. ఇది యంత్రం పెట్టిన హద్దు. రేంజ్‌ఫైండర్ల రాజ్యం పోయినా, ఇవాళ కన్ను ఎక్కడుందో కెమెరాయే వెతికి పట్టుకుంటున్నా, ఆ హద్దు మాత్రం సూత్రంగా మిగిలింది.

ఈ చరిత్రలో హేతువాదులు గుర్తుపెట్టుకోదగిన ఘట్టం 1950లో జరిగింది. అప్పట్లో లెన్సంటే జర్మనీదే, జపాను సరుకంటే చవక నకలు అన్నది లోకాభిప్రాయం. లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో ఉండగా, జపాను ఫోటోగ్రాఫర్ జున్ మికి ఆయన్ను 85 ఎంఎం నికోర్ లెన్సుతో ఫోటో తీశాడు. అది చూసి డంకన్ నిప్పన్ కొగాకు సంస్థకు వెళ్ళి, తన జర్మన్ లెన్సుల పక్కన వాళ్ళ లెన్సులు పెట్టించి పరీక్ష చేయించాడు. నికోర్లు బాగున్నాయని తేలింది. ఆ లెన్సులతోనే కొరియా యుద్ధానికి వెళ్ళాడు. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఈ సంగతి రాసింది. అంతకాలపు నమ్మకం ఒక పూట పరీక్షతో కూలిపోయింది. పేరును పక్కనపెట్టి పరీక్షను నమ్మిన మనిషి ఒక్కడు చాలు.

నికాన్ వారిదే మరొకటి 105 ఎంఎం ఎఫ్/2.5. 1984 డిసెంబరులో పాకిస్తాన్‌లోని పెషావర్ దగ్గర నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకరీ తీసిన ఆఫ్ఘన్ బాలిక ఫోటో ఆ లెన్సుదే. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం. ఆ తరవాత 105 కొన్నవాళ్ళకు లెక్కలేదు. ఆ పిల్ల కళ్ళలోని యుద్ధం లెన్సులోంచి వచ్చిందని వాళ్ళు నమ్మారు కాబోలు.

ఇప్పుడు అసలు లెక్క

చరిత్ర అయింది, అంకెల్లోకి దిగుదాం. ముఖం ఆకారాన్ని మార్చేది లెన్సు కాదు, దూరం. ముక్కు కొన కెమెరాకు దగ్గర, చెవులు దూరం. ఈ రెంటి మధ్య ఎడం సుమారు 12 సెం.మీ. అనుకుందాం. కెమెరా ముక్కుకు 60 సెం.మీ. దూరంలో ఉంటే చెవులు 72 సెం.మీ. దూరంలో ఉంటాయి. అంటే చెవులతో పోలిస్తే ముక్కు 20 శాతం పెద్దదిగా పడుతుంది. అదే కెమెరా 3 మీటర్ల దూరంలో ఉంటే తేడా 4 శాతమే. ఇందులో లెన్సు పేరే రాలేదు, గమనించండి.

మరి లెన్సు చేసే పనేమిటి? మనల్ని ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాను నిలువుగా పట్టుకుని, తల, భుజాలు కలిపి 60 సెం.మీ. ఎత్తు బొమ్మలో నిండేలా తీస్తామనుకోండి. అప్పుడు ఒక్కో లెన్సుతో నిలబడవలసిన దూరం, ముక్కు ఎక్కువగా కనబడే శాతం ఇలా వస్తాయి:

35 ఎంఎం – 62 సెం.మీ. – 19 శాతం
50 ఎంఎం – 88 సెం.మీ. – 14 శాతం
85 ఎంఎం – 150 సెం.మీ. – 8 శాతం
105 ఎంఎం – 185 సెం.మీ. – 6.5 శాతం
135 ఎంఎం – 238 సెం.మీ. – 5 శాతం
200 ఎంఎం – 353 సెం.మీ. – 3.4 శాతం

కామర్సు చదివినవాళ్ళకు ఈ పట్టిక చూడగానే క్షీణ ప్రతిఫలాల సూత్రం గుర్తుకొస్తుంది. 50 నుంచి 85కు పోతే 62 సెం.మీ. వెనక్కు జరిగి దాదాపు 6 పాయింట్లు లాభం పొందుతాం. 85 నుంచి 135కు పోతే 88 సెం.మీ. జరిగినా లాభం 3 పాయింట్లే. 135 నుంచి 200కు పోతే 115 సెం.మీ. జరిగి పొందేది ఒకటిన్నర పాయింటు. కనుక 85కు ఉన్న పేరులో నిజం పాలు ఇదీ: ఎక్కువ లాభం అక్కడికే వచ్చేస్తుంది. పైగా ఒకటిన్నర మీటరంటే ఇద్దరు మనుషులు నిలబడి మాట్లాడుకునే దూరం. మనకు తెలిసినవాళ్ళ ముఖాలను మనం ఆ దూరం నుంచే గుర్తుపెట్టుకుంటాం. అందుకే ఆ ఫోటో చూసి "అచ్చం నువ్వే" అంటాం.

నా లెక్క మీద నమ్మకం పెట్టుకోవద్దు. మీరే పరీక్షించండి. ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మీరు కదలకుండా ఒకే చోటినుంచి 50తో ఒకటి, 135తో ఒకటి తీయండి. 50తో తీసినదాన్ని కత్తిరించి ముఖం సైజు సమానం చేయండి. ముక్కు, చెవులు, గడ్డం నిష్పత్తి రెంటిలోనూ ఒకటే ఉంటుంది. పొడుగు లెన్సు ముఖాన్ని చదును చేస్తుందన్న నాలుగో సూత్రం అక్కడే కొట్టుకుపోతుంది. దాంతోపాటు 35 వంకర చేస్తుందన్న మూడోదీ పోతుంది. వంకర చేసేది 62 సెం.మీ. దూరం.

50 ఎంఎం మనిషి కన్ను అన్న రెండో సూత్రానికి ఓచరు ఇంకా బలహీనం. మన రెండు కళ్ళూ కలిసి అడ్డంగా దాదాపు 180 డిగ్రీలు చూస్తాయి. అందులో అక్షరాలు చదవగలిగేంత స్పష్టత నడిమి 2 డిగ్రీల్లోనే ఉంటుంది. ఇలాంటి లెన్సు ఏ దుకాణంలోనూ దొరకదు. మరి 50తో తీసిన ఫోటో సహజంగా ఎందుకుంటుంది? ఫోటోను ఎంత దూరం నుంచి చూస్తామన్నది దీనికి జవాబు. ఫుల్ ఫ్రేమ్ బొమ్మను 12 అంగుళాల ప్రింటు చేస్తే ఎనిమిదిన్నర రెట్లు పెరుగుతుంది. 50ని ఎనిమిదిన్నరతో గుణిస్తే 42 సెం.మీ. అంటే పుస్తకం పట్టుకుని చదివే దూరానికి కాస్త అటూ ఇటూ. ఆ దూరం నుంచి చూస్తే బొమ్మలోని కోణాలూ అసలు దృశ్యంలోని కోణాలూ సరిపోతాయి. 2012లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని ప్రయోగాలతో పరిశీలించారు. ఫోటో ఏ లెన్సుతో తీసినా జనం దాని సైజును బట్టే చూసే దూరం ఎంచుకుంటారని, 50 ఎంఎం సలహాకు కారణం ఆ అలవాటేనని చెప్పారు. కంటికీ లెన్సుకూ చుట్టరికం లేదు, ఉన్నది కంటికీ కాగితానికీ మధ్య దూరమే.

ముక్కు మీద కట్టిన సిద్ధాంతాలు

ఇంతవరకూ ఇది వేడుక లెక్క. ఇక్కడినుంచి కాదు.

1868 – 75 మధ్య లండన్‌లో "ది పీపుల్ ఆఫ్ ఇండియా" అని ఎనిమిది సంపుటాలు అచ్చయ్యాయి. మన దేశంలోని కులాలు, తెగలకు చెందిన మనుషుల ఫోటోలు అతికించి, కింద ఆయా సముదాయాల స్వభావాలు రాశారు. ఫలానావారు నమ్మదగినవారు, ఫలానావారు కాదు అన్న ధోరణి. తీసినవాళ్ళు వేరు వేరు, లెన్సులు వేరు, దూరాలు వేరు. ఒక కొలబద్ద అంటూ లేదు. తరువాత రిస్లీ వచ్చాడు. 1891లో బెంగాల్ కులాల మీద ప్రచురించిన గ్రంథాల్లో ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి, ఆ అంకె కులం అంతస్తుతో పాటు మారుతుందన్నాడు. సన్న ముక్కు పై మెట్టు, వెడల్పు ముక్కు కింది మెట్టు. ఆయన కొలిచింది కెమెరాతో కాదు, కేలిపర్లతో. అయినా 1933లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆ అంకెలను సరిచూసి, పొంతన కుదరని వాటిని సరిదిద్దుతూ సాంఖ్య పత్రికలో వ్యాసం రాయవలసి వచ్చింది. ఆడిటర్లందరూ దండం పెట్టదగిన పని అది. మనిషి విలువను ముక్కు మీద కట్టినవాళ్ళు ముక్కును కూడా సరిగ్గా లెక్క వేయలేదు.

ఫోటోలో దూరం ఎంత పని చేస్తుందో తెలిసిన ప్రభుత్వోద్యోగి ఒకడున్నాడు. పారిస్ పోలీసు శాఖలో అల్ఫోన్స్ బెర్టియోన్. 1880ల్లో నేరస్థుల ఫోటోలకు ఆయన ఒక పద్ధతి పెట్టాడు. కుర్చీ ఒకచోట బిగించాలి, కెమెరా ఒకచోట బిగించాలి, తల అసలు సైజులో ఏడో వంతు పడాలి, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. దూరం స్థిరంగా లేకపోతే రెండు ఫోటోలను పోల్చడానికి లేదని ఆయనకు తెలుసు. అంత జాగ్రత్త మన ఇళ్ళలో సంబంధాల ఫోటోలకు ఎవరు పాటిస్తారు?

ఈ కాలపు పరిశోధనలు రెండు చెబుతాను. 2012లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ పరిశోధకులు బ్రయన్, పెరోనా, అడాల్ఫ్స్ ఒకే మనుషులను 45 సెం.మీ. నుంచి, 135 సెం.మీ. నుంచి ఫోటో తీసి చూపించారు. దగ్గరనుంచి తీసిన ఫోటోల్లోని మనుషులను చూసినవాళ్ళు తక్కువ నమ్మదగినవారిగా, తక్కువ సమర్థులుగా, తక్కువ అందగాళ్ళుగా లెక్కకట్టారు. మనిషి అదే, గుణం అదే. మారింది 90 సెం.మీ. మాత్రమే. 2018లో అమెరికాలో ముఖ శస్త్రచికిత్స వైద్యులు ప్రచురించిన లెక్క ప్రకారం, 5 అడుగుల దూరంతో పోలిస్తే 12 అంగుళాల దూరంలో తీసుకున్న సెల్ఫీలో ముక్కు వెడల్పు సుమారు 30 శాతం ఎక్కువగా కనబడుతుంది. సెల్ఫీలు చూసుకుని ముక్కు కోయించుకోవడానికి వచ్చేవాళ్ళ కోసం వాళ్ళు ఈ లెక్క వేశారు.

మా బంధువుల అమ్మాయి ఒకతె ఫోటో ఈమధ్య సంబంధంవాళ్ళకు పంపారు. తమ్ముడు మూరెడు దూరంలో ఫోను పెట్టి తీసింది. "పిల్ల చదువుకుంది, ఉద్యోగం ఉంది, ముక్కే కాస్త..." అని మధ్యవర్తి నసిగాడు. ఇంట్లో ఆడవాళ్ళు ముఖాలు వేలాడేశారు. నేను పై పట్టిక కాగితం మీద వేసి చూపించి, వరండాలో కూర్చోబెట్టి రెండు మీటర్ల నుంచి ఇంకొకటి తీశాను. వాళ్ళమ్మ ఆ ఫోటో పంపుదామంది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "పెదనాన్నా, ఫోటో బాగుంది, నేను దాచుకుంటాను. కానీ మూరెడు దూరానికే మారిపోయే మనసుతో నాకేం పని?" అంది. నా పట్టికలో లేని లెక్క అది. దానికి నేనేమీ కలపలేను.

అయితే ఏది కొనాలి?

ఇంత చదివినవాళ్ళకు జవాబు బాకీ ఉన్నాను. ముందు మీ గది కొలవండి. 10 బై 12 అడుగుల గదిలో 135 ఎంఎం దాదాపు పనికిరాదు. మనిషికి 2.4 మీటర్లు, మీ వెనుక కాస్త, ఆ మనిషికీ గోడకూ మధ్య కాస్త కావాలి. అంత చోటు ఉండదు. ఆ గదిలో ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో 85 సరిపోతుంది. చిన్న సెన్సారు కెమెరా, అంటే 1.5 క్రాపు ఉన్నది అయితే 50 ఎంఎం ఎఫ్/1.8 చాలు. అదే 60 సెం.మీ. బొమ్మకు 130 సెం.మీ. దూరంలో నిలబడతారు, తేడా 9 శాతం. ప్రైమ్ లెన్సుల్లో చవకైనవాటిలో అదొకటి. డాబా మీద, పొలంలో, బడి ఆవరణలో తీసేవాళ్ళకు 105, 135 హాయి.

వెనుక దృశ్యం మసకగా ఉండాలనేవారికి ఒక చిట్కా. ముఖం ఒకే సైజులో తీసినప్పుడు దూరపు వెనుకటి మసక, లెన్సు తెరుచుకునే రంధ్రం వ్యాసాన్ని బట్టి ఉంటుంది. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ అంకెతో భాగిస్తే ఆ వ్యాసం వస్తుంది. 50 ఎఫ్/1.8కు 28 ఎంఎం. 85 ఎఫ్/1.8కు 47. 135 ఎఫ్/2.8కు 48. చివరి రెండూ దాదాపు సమానం, కనుక మసక కోసమే అయితే ఏది తక్కువ ధరకు దొరికితే అది తీసుకోండి. ఇక ముఖంలో స్పష్టంగా ఉండే లోతు విషయానికొస్తే, బొమ్మ సైజు, ఎఫ్ అంకె ఒకటే అయినప్పుడు ఏ లెన్సుతోనైనా దాదాపు ఒకటే. పై ఫ్రేముకు ఎఫ్/1.8 దగ్గర సుమారు 3 సెం.మీ., ఎఫ్/4 దగ్గర 7 సెం.మీ. కళ్ళు, పెదవులు, ముక్కు కొన అన్నీ తేటగా కావాలంటే ఎఫ్/4కు మూయండి. ఖరీదైన వెలుతురు కొని, వాడేటప్పుడు మూయడం దుబారా కదా అంటే, అవును, చాలామటుకు దుబారాయే.

ఫోను తప్ప ఏమీ లేనివాళ్ళు డబ్బేమీ ఖర్చు పెట్టనక్కరలేదు. నాలుగడుగులు వెనక్కు వేసి, 2 రెట్ల జూమ్ నొక్కండి. ఒకటిన్నర మీటరు దూరం వచ్చిందంటే పెట్జ్‌వాల్, బెర్టెలె, నికాన్ ఇంజనీర్లు మనల్ని నిలబెట్టిన చోటుకు మీరు ఉచితంగా చేరినట్టే. ఎవరి ఫోటో అయినా చూసి వాళ్ళ గుణం గురించి ఏదైనా అనబోయే ముందు మాత్రం, ఈ ఫోటో ఎంత దూరం నుంచి తీశారు అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ పద్దు పాస్ చేయకండి.